ఎవరి పిల్లల్ని చూసి రాశారు?

పిల్లల ఎదుగుదల పట్టిక ఏది చేతికొచ్చినా మన మాస్టారు రెండు ప్రశ్నలు వేసేవారు. దీన్ని ఎవరి పిల్లల్ని చూసి రాశారు? వాళ్లు చూసినదాన్ని మనమూ చూడవచ్చా? ఆయన స్మృతిలో ఈ సాయంత్రం ఆ ప్రశ్నల చరిత్రే చెప్పుకుందాం.

1877లో డార్విన్ తన పెద్దకొడుకు పసితనం గురించి 'మైండ్' పత్రికలో వ్యాసం రాశాడు. పియాజే సొంత పిల్లలు ముగ్గురినీ ఏళ్ల తరబడి గమనించాడు. గొప్ప ఓపిక, కాని ఒక్క ఇంటి కథ. తర్వాత యేల్‌లో గెసెల్ ఏ నెలకు ఏ పని చేయాలో పట్టికలు కట్టాడు. అవి ఎక్కువగా న్యూహేవెన్ మధ్యతరగతి తెల్లవారి పిల్లలవి. వాటినే లోకమంతా కొలబద్ద చేసుకుంది.

అందుకే ఆఫ్రికా పసివాళ్లు ముందుగా కూర్చుంటే, నడిస్తే పండితులకు వింతైంది. కెన్యాలోని కిప్సిగిస్ పల్లెలో చార్లెస్ సూపర్ దగ్గరుండి చూశాడు. అక్కడ తల్లులు కూర్చోవడం, నడవడం పట్టుబట్టి నేర్పుతారు. నేర్పని పనుల్లో ఆ ముందంజ లేదు. ఈ సంగతి ఆయన 1976లో ప్రచురించాడు. కాళ్లమీద వేసుకుని నూనె రాసి నీళ్లుపోసే మన అమ్మమ్మలకు ఇది చెప్పనక్కర్లేదు.

2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రమాణాలు తెచ్చింది. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల కదలికలు చూస్తే, ఎవరి తోడూ లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చని తేలింది. నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్లమీద పాకనే లేదు. ఎందరో తల్లుల బెంగ తీర్చే మాట ఇది! అయితే మన దేశం తరఫున ఎంచుకున్నది దక్షిణ ఢిల్లీలోని కలిగిన కుటుంబాలను.

ఇక రెండో ప్రశ్న. 1984లో మాక్‌విన్నీ, కేథరిన్ స్నో పిల్లల మాటల రికార్డులను అందరూ వాడుకునేలా చైల్డెస్ అనే భాండాగారం మొదలుపెట్టారు. 2020లో మెనీబేబీస్ బృందం 67 ప్రయోగశాలల్లో 2,329 మంది శిశువులపై ఒకే ప్రయోగం జరిపి, పెద్దవాళ్లు పసివాళ్లతో ముద్దుగా మాట్లాడే తీరును వారెంత ఇష్టంగా వింటారో ప్రచురించింది. పద్ధతీ దత్తాంశమూ బహిరంగంగా పెట్టింది. కాని అందులో ఆఫ్రికా లేదు, దక్షిణ అమెరికా లేదు. ఆఫ్రికాలో ఆ ప్రయోగం చేసే పని తర్వాత మొదలైంది. తలుపు తెరవడం ఒక పని, అందరినీ లోపలికి పిలవడం ఇంకో పని. రెండూ జరగాలి.

ఆ రెండూ కలిసిన చోటు మన గడ్డే. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఆంధ్ర, తెలంగాణల్లో పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించింది. ఇక్కడ 2001 ప్రాంతాల్లో పుట్టినవారు రెండువేల మంది, 1994-95లో పుట్టినవారు వెయ్యిమంది. కావాలనే పేద ప్రాంతాలకు ఎక్కువ చోటిచ్చారు. పేర్లు తొలగించిన ఆ దత్తాంశం బ్రిటన్ దత్తాంశ భాండాగారంలో పరిశోధకులకు అందుబాటులో ఉంది.

ఈ సభలో ఉన్న విద్యార్థులకు నా విన్నపం: నమోదు చేసుకుని దాన్ని తెచ్చుకోండి, చదవండి. తేలినదాన్ని తెలుగులో రాసి, ఏళ్ల తరబడి ఇంటికి వచ్చినవారికి ఓపిగ్గా జవాబులు చెప్పిన ఆ తల్లిదండ్రుల ఊళ్లకు ముందు చేర్చండి.