తిరువయ్యారులో ఒక పూట
(ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు ఏదైనా మాట్లాడమన్నారు. ఉపన్యాసం మాకు చేతకాదు. తిరువయ్యారులో మేము సకుటుంబంగా నడిచిన దారి చెబుతాము. సెలవుల్లో మీరూ నడవవచ్చు. దారి చూపేవాడు అక్కరలేదు.

రైల్వే వాళ్లమై ఉండి చెప్పుకోవడం నామోషీ గాని, ఆ ఊరికి రైలు లేదు. తంజావూరులో దిగి, బస్సులో సుమారు 13 కిలోమీటర్లు పోవాలి. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి దాటి, కావేరి కూడా దాటితే ఊరు. ఆ అయిదేళ్ల వల్లనే ఊరికాపేరు.

మొదట అయ్యారప్పర్ కోవెల. ప్రాకారంలో ఒకచోట కేక వేస్తే ఏడుమార్లు మారుమ్రోగుతుందంటారు. మావాడు "అమ్మా!" అని అరిచాడు. మాకు నాలుగే లెక్కకు వచ్చాయి.

అక్కడినుండి తిరుమంజన వీధి, త్యాగరాజస్వామి నివసించిన చోటు. ఇప్పుడున్నది కొత్త కట్టడం. పాత ఇల్లు చూడబోతే నిరాశే. ఎక్కువసేపు నిలువకుండా కావేరి ఒడ్డుకు నడిచాము. మేట్టూరు ఆనకట్ట నీరు ఆనవాయితీగా జూన్ 12న వదులుతారు. ఉగాది రోజుల్లో వెళితే ఇసుకే కనబడవచ్చు.

ఒడ్డునే స్వామి సమాధి. 1847లో సిద్ధిపొందిన స్వామి సమాధి మీద ఈ ఆలయం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు, 1920ల్లో, తన సొత్తు ధారపోసి. ఆరాధనలో స్త్రీలను పాడనివ్వని రోజులవి. ఆమె స్మారకమూ అక్కడే ఉన్నది. దణ్ణం పెట్టకుండా రాకండి.

అక్కడ ఒక అరవ ముసలమ్మగారు నోటుపుస్తకం చూస్తూ ఆరభి పంచరత్నం పాడుకుంటున్నారు. మేము తెలుగువాళ్లమని తెలిసి, "సాధించెనే అంటే ఏమండీ?" అని అడిగారు. అనుకున్నది నెరవేర్చుకున్నాడని చెప్పాము. "అది తెలుసు" అన్నారామె.

బడి ముఖం చూడని మా అమ్మగారు అందుకుని, "మా అత్తగారు నన్ను పొద్దస్తమానం సాధించేది. అట్లా కూడానమ్మా! కృష్ణుడు ఏడిపించలేదూ?" అన్నది. అంటే వేధించడం. మాకు ఆ సంగతి తట్టనే లేదు; ఇంట్లో రోజూ వినే మాటే!

ముసలమ్మగారు పకపక నవ్వి, పాట పక్కనే ఆ అర్థం అరవ లిపిలో వ్రాసుకున్నారు. మావాడు వంగి చూచి, గడగడ చదివి నాయనమ్మకు వినిపించాడు. తెలుగులో వ్రాసివుంటే వాడు చదవలేడు.