పెరటి తోటలో తేనెటీగకు చోటు
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో తేనెటీగల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. వెన్న శాతం గురించి, దాణా ధర గురించి మాట్లాడవలసిన చోట ఈగల ముచ్చట ఎందుకని అడగవచ్చు. అడగడం న్యాయమే. కనుక మీరందరూ మీ ఇండ్ల దగ్గర చూసిన సంగతితోనే మొదలుపెడతాము.

పెరట్లో గుమ్మడి పాదు పెడతారు. పశువుల ఎరువుకు మనకు కొదువ లేదు కనుక దండిగా వేస్తారు. తీగ పాక మీదికి ఎగబాకుతుంది, పచ్చని పూలు విరగబూస్తాయి, పిందెలూ కనబడతాయి. నాలుగు రోజులు తిరగకముందే ఆ పిందె పండుబారి రాలిపోతుంది. ఎరువు చాలలేదని కొందరు మరో తట్ట వేస్తారు. దిష్టి తగిలిందని కొందరు పాత చెప్పు కడతారు. పురుగు పట్టిందని కొందరు మందు కొడతారు. ఇన్ని చేసినా పిందె నిలవదు. ఏ కొరత ఉన్నదో తెలియనిదే చేసే ఖర్చు వృథా కదా!

పిందె ఎందుకు రాలుతుంది?

గుమ్మడి పాదులో పూలు రెండు రకాలు. సన్నని కాడ మీద నిలిచేది మగపువ్వు. అడుగున చిన్న పిందె ఉండేది ఆడపువ్వు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు నడుమ పడితేనే పిందె నిలుస్తుంది. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది కనుక గాలికి ఎగరదు. మోసుకుపోయేది ఈగే. పైగా గుమ్మడి పువ్వు తెల్లవారేసరికి విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటలలో ఈగ రాకపోతే ఆ పిందెకు నూకలు చెల్లినట్లే.

దోస, కాకర పాదుల సంగతీ ఇంతే. దోసకాయ ఒకవైపు ఉబ్బి మరొకవైపు సన్నబడి వంకర తిరగడానికి పుప్పొడి చాలినంత పడకపోవడం ఒక కారణం. సొర, బీర పూలు మాత్రం సాయంకాలం విచ్చుతాయి. వాటికి సందె వేళ, రాత్రి వేళ తిరిగే రెక్కల పురుగులు ఎక్కువగా పనికివస్తాయి.

మా మాట నమ్మమని అడగము. మీరే పరీక్షించి చూడవచ్చు. ఉదయం పూలు విచ్చగానే ఒక మగపువ్వు కోసి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని రెండు మూడు ఆడపువ్వుల నడుమ తాకించండి. వాటికి గుర్తుగా దారం కట్టండి. దారం కట్టిన పిందెలు నిలిచి, పక్కవి రాలిపోతే మీ పెరట్లో కొరత ఎరువుది కాదు, ఈగది అని తేలిపోతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

పచ్చిమేత విత్తనానికీ ఈగే ఆధారం

ఇది కూరగాయలతో పోయే విషయం కాదు. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణిలో జనుము, పిల్లిపెసర పశువుల మేతకు చల్లడం పాత అలవాటు. పచ్చిగా కోసి మేపేటప్పుడు ఈగతో పని లేదు. విత్తనం కట్టుకోవాలంటే మాత్రం ఉన్నది. జనుము తన పువ్వులోని పుప్పొడితో తానే సరిగా గింజ కట్టదు. పువ్వును నొక్కి విప్పగల బలమైన ఈగ కావాలి. ఆ పని చేసేది మనం తుమ్మెద అని పిలిచే పెద్ద నల్ల ఈగ, ఆకులను గుండ్రంగా కత్తిరించుకుపోయే మరొక రకం ఈగ.

లూసర్న్ పువ్వులో కేసరాలు రేకుల మధ్య బిగిసి ఉంటాయి. ఈగ వాలి నొక్కినప్పుడే అవి టక్కున పైకి లేచి పుప్పొడి అంటుకుంటుంది. బర్సీం కూడా ఈగలు తిరిగిన చోటనే గింజ బాగా కడుతుంది. పచ్చిమేత విత్తనం ఏటా బయట కొనకుండా సొంతంగా కట్టుకోదలచిన సభ్యునికి ఈగ ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఏడాది పొడుగునా పూలు

గేదెకు మూడు నెలలు పచ్చిమేత వేసి మిగిలిన తొమ్మిది నెలలు పస్తు పెడితే పాలు ఇస్తుందా? తేనెటీగ సంగతీ అంతే. పూలలోని తీపి రసం దానికి కడుపు నింపే తిండి. పుప్పొడి పిల్లలను పెంచే తిండి, మనం పశువుకు పెట్టే తెలగపిండి వంటిది. రెండూ ఏడాది పొడుగునా దొరకాలి. పెరట్లో ఈ విధంగా ఏర్పాటు చేసుకోవచ్చు.

చలికాలంలో ధనియాలు, ఆవాలు, ఉల్లి మడులలో ఒక మూల కొద్ది మొక్కలను పీకకుండా పూతకు వదలండి. పూత ఈగకు, గింజ మీకు.

ఎండాకాలంలో చెట్లే ఆధారం. వేప, కానుగ, నేరేడు, చింత, కరివేపాకు అన్నీ ఆ రోజులలో పూసేవే. మునగ ఉంటే మరీ మేలు. కొబ్బరి ఏడాది పొడుగునా గెల వేస్తూనే ఉంటుంది.

వానాకాలం మన ప్రాంతంలో ఈగలకు గడ్డుకాలం. వానకు పుప్పొడి తడిసిపోతుంది, ఈగ బయటికి రాలేదు. అప్పుడు తులసి, సబ్జా మొక్కలు చేతికందిన సాయం. మేతకు వేసిన మొక్కజొన్నలో గట్టు వెంట ఒక వరుసను కోయకుండా పూతకు వదిలితే పుప్పొడి దొరుకుతుంది. వానలు వెనకబట్టాక రేగు పూస్తుంది, ఆ తరువాత కుంకుడు.

బంతి వేసేవారు ముద్దబంతితో పాటు రేకబంతి కూడా నాలుగు మొక్కలు వేయండి. రేకులు ముద్దగా కిక్కిరిసిన పువ్వులో ఈగకు అందేది తక్కువ.

నీరు, నివాసం

ఎండాకాలంలో ఈగలు కుడితి తొట్టి మీద ముసురుకుని అందులోనే పడి చస్తాయి. తొట్టిలో ఒక కొబ్బరి డొక్క తేలవేస్తే వాలడానికి చోటు దొరుకుతుంది. లేదా మూకుడులో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీరు పోసి నీడలో పెట్టండి. రోజూ నీరు మార్చండి.

ఈగలన్నీ పట్టు పెట్టవు. మట్టిలో బొరియ తవ్వి ఒంటరిగా బతికేవి చాలా ఉన్నవి. పెరడంతా సిమెంటు చేస్తే వాటికి నిలువ నీడ ఉండదు. ఎండ తగిలే మూల రెండు గజాల నేల తవ్వకుండా వదలండి. తుమ్మెదకు ఎండిన మొద్దు కావాలి. పందిరికి పనికిరాని పాత గుంజ ఒకటి మూలన నిలబెడితే చాలు.

ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. పెద్ద తేనెటీగ పట్టు పెట్టిన చెట్టు కింద పశువును ఎన్నడూ కట్టవద్దు. పట్టు కదిలితే మనిషి పరుగెత్తగలడు, పలుపుతో కట్టిన పశువు పరుగెత్తలేదు. అలాగని రాత్రి వేళ కాగడా పెట్టి పట్టును కాల్చవద్దు. పశువునే మరో చోట కట్టండి. పువ్వు మీద మేస్తున్న ఈగ మాత్రం నలిపితే తప్ప కుట్టదు. పిల్లలకు ఆ మాట చెప్పండి.

పిడుదుల మందు

ఇక పాడి రైతులకే ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి. పిడుదులకు మనం వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులు తేనెటీగకు తీవ్రమైన విషాలు. పశువుకు పట్టించాక మిగిలిన మందునీళ్లు చాలామంది పాదులోకో, మురుగు కాలువలోకో పారబోస్తారు. తేనెటీగలు ఉప్పదనం కోసం చావడి దగ్గరి తడి నేల మీద, మూత్రం పారే కాలువ మీద వాలి నీరు పీల్చడం మీరు చూసే ఉంటారు. విషం సరిగ్గా అక్కడే చేరుతుంది.

కనుక డాక్టరుగారు చెప్పిన కొలత ప్రకారం ఆ పూటకు కావలసినంతే కలపండి. మిగిలినది, బకెట్టు కడిగిన నీరు పెరటికి, బావికి, చెరువుకు దూరంగా తవ్విన గుంటలో పోసి మట్టి కప్పండి. చేపలకు కూడా ఇవి ప్రాణాంతకమే.

కూరగాయల మీద మందు తప్పనిసరి అయితే సూర్యుడు అస్తమించి ఈగలు గూటికి చేరిన తరువాతనే కొట్టండి. పూతకు ముందే పురుగును కనిపెట్టి చేతితో ఏరడం, వేపనూనె వాడడం ఇంకా మంచిది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే ప్రభుత్వం నిషేధించిన సంగతి గుర్తుంచుకోండి.

ఇది ఒక ఇంటితో అయ్యే పని కాదు

మన తొర్ర తేనెటీగ మేతకు సాధారణంగా కిలోమీటరు లోపలే తిరుగుతుంది. కిలోమీటరు అంటే ఇంచుమించు మన ఊరే. దానికి మీ కంచె, మా కంచె అని తెలియదు. పది ఇండ్లవారు పూలు పెంచి, పదకొండో ఇంటివారు పట్టపగలు మందు కొడితే పది ఇండ్ల శ్రమా మంటగలిసినట్లే. లీటరు పోసేవారూ పది లీటర్లు పోసేవారూ కలిస్తేనే మన పాల కేంద్రం నడుస్తున్నది. ఒక్క క్యాను విరిగినా ట్యాంకరు పాలన్నిటికీ ముప్పే. ఈ లెక్క మీకు కొత్త కాదు.

కనుక ప్రతి సంఘం తన సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు తీర్మానించవలసిందిగా కోరుతున్నాము. ఒకటి, పూత మీద పగటి వేళ ఎవరూ మందు కొట్టరాదు. రెండు, పిడుదుల మందు నీళ్లకు ప్రతి వీధిలో ఒక గుంట ఏర్పాటు కావాలి. మూడు, ప్రతి సభ్యురాలి పెరట్లో చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి, వానాకాలానికి ఒకటి చొప్పున మూడు రకాల పూత మొక్కలు ఉండాలి. పాల కేంద్రం ఆవరణలో స్థలం ఉంటే ఒక కానుగ, ఒక నేరేడు నాటండి. పెరడు ఆడవారి చేతిలోనిది కనుక ఈ పని వారి సలహాతోనే జరగాలి.

తేనెటీగల పెట్టెలు కొందామా అని ఉత్సాహపడేవారు ఉంటారు. ఆ మార్గమూ ఉన్నది. గుజరాత్‌లో బనాస్ డెయిరీ తన పాల సభ్యుల చేత తేనెటీగలను పెంచించి తేనె కూడా సేకరిస్తున్నది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలో ఈ పెంపకంపై శిక్షణ ఇస్తున్నారు. అయితే 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చి దక్షిణ భారతంలో తొర్ర తేనెటీగల పెట్టెలు పెద్ద ఎత్తున ఖాళీ అయినవి. జాగ్రత్త, శిక్షణ లేనిదే దిగవలసిన పని కాదు. ఊళ్లో పూత లేకుండా పెట్టె కొనడమంటే గడ్డి లేని ఇంట గేదెను కట్టినట్లే. మేత ముందు, పెట్టె తరువాత.

ఏటా మే 20న ప్రపంచ తేనెటీగల దినం. జూన్ 1న ప్రపంచ పాల దినం. రెంటికీ నడుమ పన్నెండు రోజులే. వచ్చే ఏడు ఆ పన్నెండు రోజులలో ప్రతి సంఘమూ తన ఊరి పెరళ్లను ఒకసారి చూసి, దారం కట్టిన పిందెలు ఎన్ని నిలిచినవో, కట్టనివి ఎన్ని నిలిచినవో లెక్క వేసి మాకు రాయవలసిందిగా మనవి. కట్టనివి కూడా నిలిచిన ఊరి లెక్కను ఈ పత్రికలోనే సంతోషంగా ప్రకటిస్తాము.