స్వదేశానికి తిరిగివచ్చే శ్రామికుని పరీక్ష ఖర్చు ఎవరిది?

(సమాఖ్య ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విమాన ప్రయాణీకుల సమస్యతో రైల్వే, తపాలా ఉద్యోగులకేమి పని అని కొందరు మిత్రులు మమ్ములను ప్రశ్నించారు. సమాధానం మన ఇళ్లలోనే ఉన్నది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతాలనుండి గల్ఫ్‌కు వలసపోయి ఇటుకలు మోసేవారు, కడప, కోనసీమలనుండి కువైటు వెళ్లి ఇళ్లలో పనిచేసే స్త్రీలు మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. 2017 నుండి అటువంటివారి పాస్‌పోర్టు దరఖాస్తులను తపాలా కార్యాలయాలలోని సేవాకేంద్రాలు కూడా స్వీకరిస్తున్నవి. వారిలో అనేకులను విమానాశ్రయమున్న నగరానికి చేర్చేది మన రైలుబండియే. కరోనా కాలంలో వారిపై విధించిన నిబంధనలను నేడు సావధానంగా సమీక్షించుకొనుట అవసరం. అట్టి వ్యాధి మరల రాదని ఎవరూ హామీ ఇవ్వజాలరు గదా!

2020 మార్చిలో అంతర్జాతీయ ప్రయాణీకుల విమానాలు నిలిచిపోయినవి. మే 7 నుండి ‘వందే భారత్’ పేరిట ప్రత్యేక విమానాలు నడిచినవి. టిక్కెట్టు ధర ప్రయాణీకుడే చెల్లించాలి. మే 24 నాటి మార్గదర్శకాల ప్రకారం, దిగిన తర్వాత ఏడు రోజులు సొంత ఖర్చుతో క్వారంటైన్ కేంద్రంలో ఉండాలి. మరో ఏడు రోజులు ఇంటిలో గడపాలి. పని పోయి, జీతం బకాయి పడి, ఒట్టిచేతులతో వచ్చిన కూలికి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు కాదా?

ఆ నెలలోనే స్వదేశంలో మరొక దృశ్యం కనిపించింది. మే 1న లింగంపల్లి నుండి హతియాకు మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు బయలుదేరింది. అట్టి రైళ్లను ప్రాణాలకు తెగించి నడిపినది మన సోదరులే. వలస కార్మికులనుండి ఛార్జీ వసూలు చేయరాదని మే 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. రైలులో వచ్చిన వలస కార్మికునికి వర్తించిన న్యాయం విమానంలో వచ్చిన వలస కార్మికునికి వర్తించకపోవడానికి కారణమేమిటి? విమానమెక్కినంత మాత్రాన కూలివాడు ధనవంతుడైపోడు.

2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి నుండి కొత్త నిబంధనలు వచ్చినవి. ప్రయాణానికి ముందు 72 గంటలలోపు ఆర్‌.టి.పి.సి.ఆర్. పరీక్ష చేయించుకుని, వ్యాధి లేదన్న నివేదికను ‘ఎయిర్ సువిధ’ అంతర్జాల కేంద్రంలో చేర్చాలి. యూరప్, మధ్యప్రాచ్య దేశాలనుండి వచ్చేవారు దిగిన తర్వాత మరల సొంత ఖర్చుతో పరీక్ష చేయించుకోవాలి. ఇంటిలో మరణం సంభవించిన వారికి ముందస్తు పరీక్షనుండి మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ మినహాయింపునకు విమానమెక్కడానికి 72 గంటల ముందే దరఖాస్తు చేయాలట! తండ్రి శవానికి కొరివి పెట్టవలసిన కుమారునికి ఈ మినహాయింపు ఏమి ఉపయోగం? ఆందోళన చెలరేగగా, కేరళ ప్రభుత్వం విమానాశ్రయాలలో పరీక్ష ఖర్చును తానే భరిస్తానని ప్రకటించింది. సంకల్పముంటే మార్గముంటుందని దీనివలన తేలుచున్నది.

టీకా వచ్చిన తర్వాత ఈ బాధ తొలగునని శ్రామికులు ఆశించారు. 2021 అక్టోబరు 25 నుండి, టీకాల గుర్తింపుపై మనతో ఒడంబడిక ఉన్న దేశాలనుండి రెండు మోతాదులూ వేసుకుని వచ్చేవారికి, దిగిన తర్వాతి పరీక్షను, గృహనిర్బంధాన్ని తొలగించారు. ముందస్తు పరీక్ష మాత్రం తప్పలేదు. ఒమిక్రాన్ రాకతో డిసెంబరు 1 నుండి, ముప్పు ఉన్నవిగా ప్రకటించిన దేశాలవారికి టీకా వేసుకున్నా పరీక్ష, ఏడు రోజుల గృహనిర్బంధం, ఎనిమిదవ రోజున మరో పరీక్ష విధించారు. 2022 ఫిబ్రవరి 14 నుండి 82 దేశాల ప్రయాణీకులకు పరీక్షకు బదులు టీకా పత్రం చాలునన్నారు. మనవారు లక్షలాదిగా ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఆ మొదటి జాబితాలో లేదు! చివరకు 2022 నవంబరు 22న ఎయిర్ సువిధను రద్దు చేశారు. 2023 జనవరిలో చైనా, జపాన్ మొదలైన ఆరు ప్రాంతాలనుండి వచ్చేవారికి పరీక్షను పునరుద్ధరించి, ఫిబ్రవరి 13 నుండి తొలగించారు.

పరీక్షలకు మేము వ్యతిరేకులం కాము. టీకా ప్రాణాపాయాన్ని బాగుగా తగ్గిస్తుందే గాని, వ్యాధి సోకడాన్ని పూర్తిగా ఆపదు. కొత్త రకం వైరస్‌ను పసిగట్టడానికి ప్రయాణీకుల పరీక్ష ఉపకరిస్తుంది. అయితే ఈ పరీక్ష వ్యాధి నయమైన వారిలో సైతం వారాల తరబడి వైరస్ అవశేషాలను చూపగలదు. అట్టివాడు ఎవరికీ అంటించకపోయినా పరాయిదేశంలో చిక్కుబడిపోతాడు. వ్యాధి దేశమంతటా వ్యాపించిన తర్వాత సరిహద్దు పరీక్షల ప్రయోజనం స్వల్పమే.

పరీక్ష దేశ ప్రజలందరి క్షేమం కొరకైనప్పుడు, దాని ఖర్చు ఒక్కని జేబునుండి ఎందుకు రావాలి? 2007లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నియమావళిలోని 40వ అధికరణం ఈ విషయంలో సుస్పష్టం. ఆ నియమావళి క్రింద ప్రయాణీకుని ఆరోగ్యస్థితి తెలుసుకొనుటకు జరిపే వైద్యపరీక్షకుగాని, క్వారంటైన్‌కుగాని రుసుము వసూలు చేయరాదని అది నిర్దేశిస్తున్నది. మినహాయింపు పరదేశంలో నివాసం కోరి వచ్చేవారికే గాని, స్వదేశానికి వచ్చే పౌరునికి కాదు. 2021 నవంబరు మార్గదర్శకాలలో, మచ్చుకు ఎంపిక చేసిన కొద్దిమంది పరీక్షల ఖర్చును పౌర విమానయాన మంత్రిత్వశాఖ భరిస్తుందని వ్రాసి ఉన్నది. కొందరి విషయంలో సాధ్యమైనది అందరి విషయంలో అసాధ్యమెట్లగును?

కనుక సోదరులారా, ఈ క్రింది కోర్కెలను మనం ఏకకంఠంతో ముందుంచాలి. ఒకటి: స్వదేశానికి వచ్చే పౌరునికి విమానాశ్రయ పరీక్ష, క్వారంటైన్ ఉచితంగా ఉండాలి. రెండు: విదేశంలో చేయించుకునే ముందస్తు పరీక్షకు, పేద కార్మికుల విషయంలో, 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి సాయమందించాలి. రాయబార కార్యాలయాలలో సేవలకై ప్రజలు చెల్లించే రుసుముల నుండి కూడినదే ఆ నిధి. మూడు: మరణ సందర్భంలో ముందస్తు దరఖాస్తు గడువు ఉండరాదు. నాలుగు: నిబంధన మారినపుడు తగిన వ్యవధి ఇచ్చి, తెలుగుతో సహా కార్మికుల భాషలలో ప్రకటించాలి.

వ్యాధి వచ్చిన తర్వాత డిమాండ్లు వ్రాసుకుంటే, అప్పటికి కూలివాని జేబు ఖాళీ అయి ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న ఈనాడే ప్రతి శాఖలోనూ ఈ కోర్కెలను చర్చించి, తీర్మానాలను కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుచూ సెలవు తీసుకొనుచున్నాము.