రాత్రిపూట ఆపేసిన ఫ్రీజర్

ఈ రోజు పట్టా అందుకుంటున్న పిల్లలారా, వేదిక మీది పెద్దలు మిమ్మల్ని చాలినంత మెచ్చుకున్నారు కాబట్టి నేను నేరుగా నా పని గురించి మాట్లాడతాను.

ముప్ఫై ఏళ్లుగా మాంసం శుద్ధిచేసి అమ్మే పనిలో ఉన్నాను. సాసేజీలు, నగ్గెట్లు, సలామీ, కబాబులు. పశువైద్యం చదివిన కొడుకు కోడి కీమా కొట్టే ఫ్యాక్టరీలో చేరాడని మా నాన్న చాలాకాలం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఆయన్ని ప్లాంటుకు తీసుకెళ్లాను. తలకు టోపీ పెట్టి, గమ్ బూట్లు తొడిగి, చేతులు మోచేతుల దాకా కడిగించాకే లోపలికి పంపారు. బయటికొచ్చి, "ఇంత శుభ్రంగా మన వంటిల్లు కూడా ఉండదురా" అన్నారు. ఆ తర్వాత ఊళ్లో ఆయనే అందరికీ చెప్పుకున్నారు.

మన దగ్గర మాంసం తినేవాళ్లకు కొదవలేదు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. 2019 పశుగణనలో దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలు, దాదాపు కోటీ 90 లక్షలు, ఇక్కడే లెక్కకొచ్చాయి. అయినా ప్యాకెట్లో వచ్చిన మాంసాన్ని మనవాళ్లు చాలాకాలం నమ్మలేదు. కళ్లముందు కోసిందే తాజా అని మన పట్టుదల. ఆ పట్టుదలను నేను తప్పుపట్టను. కళ్లముందు జరిగినదాన్ని నమ్మడం తేలిక. ప్యాకెట్ అమ్మేవాడు, కొనేవాళ్ల కళ్లకు కనపడని పనికి హామీ ఇస్తున్నాడు. మా వృత్తి బరువంతా అక్కడే ఉంది.

ఆ బరువు తెలిసిన మన హైదరాబాద్ మనిషి బండా వాసుదేవరావు గారు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. అది పుణె కేంద్రంగా ఎదిగింది. 1976లో వెస్టర్న్ హ్యాచరీస్ పేరుతో పుట్టిన సంస్థ తర్వాత వెంకీస్ అయింది. గుడ్లు పొదిగించడం, దాణా, టీకాలు, చివరికి శుద్ధిచేసిన కోడిమాంసం, ఒక్కొక్కటీ తమ చేతుల్లోకి తెచ్చుకుంటూ పోయారు. గుడ్డు ధర వ్యాపారి కాదు, రైతే చెప్పాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు, 1996లో కన్నుమూశారు. ఆయన నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. మధ్యలో ఏ ఒక్క చోట నీ చెయ్యి లేకపోయినా, నష్టం అక్కడే పుడుతుంది.

నా కథలో ఆ చోటు పంజాగుట్టలో ఉంది.

1997 వేసవి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి లేస్తున్న రోజులు. అక్కడి హాస్టళ్లలో జిల్లాల పిల్లలు గదికి ఐదుగురు, ఆరుగురు. సాయంత్రం క్లాసు వదలగానే ఆకలి. బేకరీల్లో చికెన్ రోల్, చికెన్ పఫ్ అయిపోయేవి చూస్తుండగానే. మా కంపెనీకి అదే పంట. బేకరీకో ఫ్రీజర్ ఇచ్చాం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా సోమాజిగూడ దాకా మా వ్యాను తిరిగేది. నేను నాణ్యత విభాగంలో కుర్రవాణ్ని. వ్యాను డ్రైవరు ప్రతి దుకాణంలో ఫ్రీజర్ చలి ఎంతుందో రిజిస్టరులో రాయాలి, నెలాఖరున నేను సంతకం పెట్టాలి. మైనస్ 18, మైనస్ 18, మైనస్ 18. ముప్ఫై రోజులు, అన్ని దుకాణాల్లో, ఒకే పెన్నుతో, ఒకే వరసలో. నేను సంతకం పెట్టాను. మూడు నెలలు పెట్టాను.

నాలుగో నెలలో పంజాగుట్టలోని ఒక బేకరీలో నగ్గెట్ల ప్యాకెట్ ఊపి చూశాను. విడివిడిగా గలగలమనాల్సినవి ముద్దకట్టి ఉన్నాయి. మూలన మంచు పేరుకుంది. అంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టాయి. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్ అడుగున ఉంచి వచ్చాను. మర్నాడు చూస్తే బిళ్ల గ్లాసు అడుక్కి దిగి, మంచులో ఇరుక్కుని ఉంది.

"అన్నా, రాత్రి ఆపుతున్నారా?" అని అడిగాను.

"రాత్రి ఎవరు కొంటరు సార్? బంద్ చేస్తా. పొద్దుగాల ఏస్తే మళ్ల గడ్డకడ్తది గదా" అన్నాడాయన. దాపరికమేమీ లేదు. కమర్షియల్ మీటరు బిల్లు తీసి నా చేతిలో పెట్టాడు. మా సరుకు మీద ఆయనకు మిగిలేది ఆ బిల్లుకు సరిపోవడం లేదు. మేం ఫ్రీజర్ ఇచ్చాం గానీ అది తాగే కరెంటు సంగతి ఆలోచించలేదు.

ఆహార సాంకేతికత చదివినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కానీ మీ తల్లిదండ్రులూ ఇక్కడున్నారు కాబట్టి చెబుతాను. గడ్డకట్టిస్తే సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుంది, అవన్నీ చావవు. కరిగితే మళ్లీ పెరుగుతాయి. స్టెఫైలోకాకస్ లాంటిది పెరిగి విషం వదిలిందంటే, తర్వాత మైనస్ 18కి తీసుకెళ్లినా, మరిగే నూనెలో వేయించినా ఆ విషం పోదు. ప్లాంటులో మేం పడే తంటాలు చూడండి. కీమా నూరేటప్పుడు కత్తుల వేడికి కొవ్వు విడిపోకుండా మంచు ముక్కలు వేసి 12 డిగ్రీలు దాటనివ్వం. ఉడికించేటప్పుడు సాసేజీ నడిమధ్య 72 డిగ్రీలు చూస్తాం. లోహపు ముక్క ఉందేమోనని ప్రతి ప్యాకెట్టునూ యంత్రం కింద పంపుతాం. ఇంత చేసి, దుకాణంలో ఒక్క స్విచ్ దగ్గర అంతా వదిలేశాం.

ఆ వారం ఆ దారిలోని సరుకంతా వెనక్కి తెప్పించి పూడ్చిపెట్టాం. ఎవరికీ జబ్బు చేసినట్టు మా దాకా రాలేదు. ఆ మాట చెప్పుకుని నేను ఎప్పుడూ ఊరట పొందలేదు. కడుపు తిప్పి రెండు రోజులు పడుకున్న హాస్టల్ కుర్రాడు మా ఫ్యాక్టరీ అడ్రసు వెతుక్కుంటూ వచ్చి చెబుతాడా?

ఇక మీతో. ప్రాక్టికల్ రికార్డులు పరీక్ష ముందు రాత్రి కూర్చుని రాసినవాళ్లు మీలో ఎంతమందో నాకు తెలుసు. పక్కవాడి రికార్డు ముందేసుకుని, రీడింగు చివరి అంకె కాస్త మార్చి. నవ్వకండి నాన్నా, నేను నవ్వడం లేదు. ఆ డ్రైవరూ అదే చేశాడు, నేనూ దానికి సంతకం పెట్టాను. చదువుకున్నది నేను కాబట్టి నా తప్పే పెద్దది. ముప్ఫై రోజులు ఒకే అంకె రాదని తెలియడానికి డిగ్రీ ఎందుకు? తలుపు తీస్తే చలి తగ్గుతుంది, కరెంటు పోతే తగ్గుతుంది. నిజమైన రిజిస్టరులో అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నీటుగా ఉన్న రిజిస్టరు కనిపిస్తే నాకు ఇప్పటికీ భయమే. మీరు చూడని అంకె రాయకండి. చూడలేకపోతే గడి ఖాళీగా వదలండి. మందలిస్తే పడండి.

చట్టాలు మారాయి. 1973 నాటి మాంస ఉత్పత్తుల ఉత్తర్వు పోయి 2006 ఆహార భద్రతా చట్టం వచ్చింది. చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. వెళ్లి నేర్చుకోండి. ఇంకో సంగతి కూడా దాచకూడదు. రోజూ 50 గ్రాముల శుద్ధిచేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. నా ఇంట్లో పిల్లలకు సాసేజీ ఎప్పుడో ఒకసారే. మీ కొనుగోలుదారులకూ అదే చెప్పండి.

ఆ ఏడాది నేను గొడవపడితే మా కంపెనీ కరెంటు ఖర్చులో సగం భరించడానికి ఒప్పుకుంది, కానీ సగం దుకాణాలకే. మిగతావాటి నుంచి ఫ్రీజర్లు వెనక్కి తెచ్చేశాం. అమ్మకాలు పడిపోయాయి, తిట్లు తిన్నాం. సగం ఖర్చుకు ఒప్పుకున్న దుకాణదారుల్లో పంజాగుట్ట బేకరీ ఆయన మొదటివాడు. ఆయన కొట్టున్నన్నాళ్లూ ఫ్రీజర్‌లో రూపాయి బిళ్ల గ్లాసు ఉండేది. నేను వెళ్లగానే తీసి చూపించేవాడు.

ముందు వరసలో కంపెనీల యజమానులు కూర్చున్నారు. ఈ పిల్లల్లో కొందరు సోమవారం మీ దగ్గరే చేరుతున్నారు. అయ్యా, దుకాణానికి ఫ్రీజర్ ఇచ్చేటప్పుడు దాని కరెంటు బిల్లు కూడా మీ ఖర్చులో రాసుకోండి. ఈ పిల్లల్లో ఎవరైనా మైనస్ 9 అని రాసి తెచ్చిన రోజున, అలా ఎందుకు రాశావని అడగకండి. ఏ దుకాణమని అడగండి.