శిక్ష పేరుతో మళ్ళీ మన చేతికి చీపురేనా?

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మేము మాట్లాడబోయేది ఒక కొత్త శిక్ష గురించి. అది జైలూ కాదు, జరిమానా కూడా కాదు. నేరం రుజువైన మనిషి చేత కోర్టు జీతం లేకుండా జనానికి పనికొచ్చే పని చేయిస్తుంది. దానికి సమాజ సేవ అని పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది. మన తాతలకీ ఇలాంటి మంచి పేర్లే వినిపించారు. ఊరి సేవ అన్నారు, గుడి సేవ అన్నారు, దొరగారి సేవ అన్నారు. అన్నిట్లోనూ పని మనది, కూలి సున్న. కాబట్టి సేవ అనే మాట వినగానే మనం ఉలిక్కిపడితే తప్పులేదు. అట్లాగని చెవులు మూసుకుంటే మాత్రం నష్టపోతాం. ఈ చట్టంలో పేదోడికి అక్కరకొచ్చే సంగతి ఉంది. పేదోడి మెడకు చుట్టుకునే సంగతీ ఉంది. రెండూ చెప్తాం, వినండి.

చట్టంలో ఏముంది?

1860 నాటి పీనల్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని 4వ సెక్షన్‌లో శిక్షల వరసలో సమాజ సేవను కొత్తగా చేర్చారు. ఈ సంహితలో ఆరు నేరాలకు ఈ శిక్ష రాశారు. సర్కారు ఉద్యోగి చట్టం వద్దన్నా వ్యాపారం చేయడం, 202. కోర్టు ప్రకటన వేసినా హాజరు కాకపోవడం, 209. అధికారిని లొంగదీయడానికి ఆత్మహత్యకు ప్రయత్నించడం, 226. చిన్న దొంగతనం, 303(2). తాగి నలుగురిలో అల్లరి చేయడం, 355. పరువు తీయడం, 356.

ఈ ఆరింటిలో మన పేటల మీద పడేవి ఏవో మీకు వేరే చెప్పాలా? వ్యాపారం చేసే ఆఫీసరు మన పేటలో ఉండడు. పరువు నష్టం దావాలు పెద్దోళ్ళు పెద్దోళ్ళ మీద వేసుకుంటారు. మనోళ్ళకి దొంగతనం కేసు, తాగుడు కేసు, వాయిదాకి పోలేదన్న కేసు. మిద్దె మీద కూర్చుని సీసాలు ఖాళీ చేసినోడు రోడ్డు మీద కనపడడు. సారా కొట్టు నుంచి నడిచి వచ్చినోడే కనపడతాడు. వాయిదాలకు తిరగడానికి బస్సు చార్జీ లేనోడే పరారీ అయినట్టు కాగితాల్లోకి ఎక్కుతాడు. కలెక్టరేటు ముందు ఆమరణ దీక్షకు కూర్చునే కార్యకర్తలు 226ని తమ మీదికి తెస్తారేమోనని కూడా చూసుకోవాలి.

అక్కరకొచ్చే సంగతి 303(2)లో ఉంది. పోయిన సొమ్ము విలువ 5,000 రూపాయల లోపు ఉండాలి. ఆ మనిషికి శిక్ష పడడం అదే మొదటిసారి అయి ఉండాలి. సొమ్మో, దాని విలువో తిరిగి ఇచ్చి ఉండాలి. ఈ మూడూ ఉంటే అతనికి వేయాల్సింది సమాజ సేవే. ఇక్కడ చట్టం వేయవచ్చు అనలేదు, వేయాలి అంది. రెండు కోళ్ళు, ఒక కొబ్బరి గెల, అర బస్తా వడ్లు అని చెప్పి మన పిల్లగాళ్ళను జైలుకు పంపడం ఇక కుదరదన్నమాట. కానీ ఒక మెలిక ఉంది. ఈ వెసులుబాటు 303(2)కే తగిలించి ఉంది. ఇంట్లో దొంగతనం అని 305 రాశారంటే అది ఏడేళ్ళ దాకా జైలున్న సెక్షను. అందుకని స్టేషన్‌కి పోయిన కార్యకర్త ముందు చూడాల్సింది ఎఫ్.ఐ.ఆర్.లో ఏ సెక్షను రాశారు, సొమ్ము విలువ ఎంతని రాశారు అన్న రెండు సంగతులు.

ఇంకొక మాట. చిన్న శిక్షే కదా, ఒప్పేసుకో, పోయేదేముంది అని చెప్పేవాళ్ళు వస్తారు. చేయని నేరం ఒప్పుకోవద్దు. సమాజ సేవ పడాలంటే ముందు దోషి అని తేలాలి. ఆ ముద్ర పోదు. రేపు ఇంకొకరు ఇంకొక కేసు పెడితే ఈ వెసులుబాటు ఉండదు. తప్పుడు కేసయితే కొట్లాడాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను చెప్తోంది. 15100కి ఫోను చేసినా, కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టినా చాలు. హెచ్చరించి వదిలిపెట్టే వీలు 1958 ప్రొబేషన్ చట్టంలో ఉంది. అది మీ కేసుకు వర్తిస్తుందేమో వకీలునే అడగండి.

గంటలు సరే, చోటు ఎక్కడ?

అసలు చిక్కు ఇక్కడుంది. నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షనులో సమాజ సేవ అంటే ఏమిటో రాశారు. సమాజానికి మేలు చేసే పని, కోర్టు చేయమన్న పని, ప్రతిఫలం లేని పని. అంతవరకే. ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి కింద, ఏ పని అన్నది ఆ సెక్షను చెప్పదు. ఇంగ్లండులో 1972 చట్టంతో ఈ శిక్ష పెట్టినప్పుడు 40 గంటలకు తగ్గకూడదు, 240 గంటలకు మించకూడదని చట్టంలోనే రాశారు. చోటు వెతికి పెట్టే పని ప్రొబేషన్ అధికారులది. మన సంహితలో ఆ లెక్క లేదు. అంతా మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద నడుస్తుంది.

మరి చోటు దొరక్కపోతే? గంటలు పూర్తి కాకపోతే? న్యాయ సంహిత 8వ సెక్షను చూడండి. జరిమానా కట్టకపోతే ఎట్లాగో, సమాజ సేవ చేయకపోయినా అట్లాగే జైలు. కూలికి పోతేనే పొయ్యి వెలిగే మనిషి పనిదినాల్లో పది రోజులు ఊరికే పని చేయాలంటే చేయగలడా? ఆసుపత్రికి పోతే మాకు చెప్పలేదంటారు. పంచాయతీకి పోతే కాగితం తెమ్మంటారు. కాగితం తెస్తే సారు లేరంటారు. నెల తిరిగేసరికి సేవ చేయలేదని రిపోర్టు పోతుంది. తిరిగి తిరిగి అలిసిపోయిన నిర్దోషపు కాళ్ళు జైలు మెట్లెక్కుతాయి. అందుకే మేము అంటున్నాం, చోటు వెతకడం అనేది చిన్న పని కాదు. మన సంఘం నెత్తిన పెట్టుకోవాల్సిన పని.

పలుకుబడి ఉన్నోడికి చోటు వెతుక్కుంటూ వస్తుంది. 2024 మే 19న పుణేలో ఒక పెద్దింటి కుర్రవాడు కారుతో గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణాలు తీశాడు. పదిహేడేళ్ళవాడు. గంటల్లోనే బెయిలు దొరికింది. షరతులేమిటి? ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయడం, ట్రాఫిక్ పోలీసులతో 15 రోజులు ఉండడం. అది శిక్ష కాదు, బెయిలు షరతు. దేశమంతా గోల పుట్టాక ఆ ఉత్తర్వును మార్చి అతన్ని అబ్జర్వేషన్ హోముకు పంపారు, జూన్‌లో హైకోర్టు విడిచిపెట్టమంది. మా ప్రశ్న ఒకటే. అతనికి కాగితం, కలం దొరికాయి. కోడి దొంగిలించిన మా తమ్ముడికి ఏం దొరుకుతుంది?

చీపురు దొరుకుతుంది. మన భయం అదే. కాలవ తీయించు, ఆసుపత్రి దొడ్లు కడిగించు, బస్టాండు ఊడిపించు అంటారు. ఎవరూ కులం అడగరు, కానీ చూసే కళ్ళకి ఈ పని ఇతనిదే అనిపిస్తుంది. దీన్ని మనం రెండు వైపులా ఎదిరించాలి.

మొదటిది, మనవాడికి కులం పనినే శిక్షగా ఇవ్వడాన్ని ఎదిరించాలి. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. ప్రజా ప్రయోజనం కోసం సర్కారు పని చేయించవచ్చు గానీ మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదని అందులోనే ఉంది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి ఊడ్చే పని, వంట పని పంచడం చెల్లదని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమని తీర్పిచ్చింది. జైలు గోడల లోపల చెల్లనిది బయట చెల్లుతుందా? పాకీ పనిని, రక్షణ లేకుండా మురుగు గుంతల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. దళితుల చేత కళేబరాలు మోయించడం, గోతులు తవ్వించడం అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కింద నేరం. ఏ మేస్త్రీ అయినా, ఏ సూపరింటెండెంటు అయినా కోర్టు పేరు చెప్పి ఇవి చేయిస్తే ఆ సెక్షన్లు చదివి వినిపించండి.

రెండోది దీనికంటే లోతైనది. ఊడవడం శిక్ష అంటున్నారు. తెల్లారుజామున నాలుగింటికి లేచి పట్నం రోడ్లు ఊడ్చే మా అక్క ఏ నేరం చేసింది? ఒకరికి పదిరోజుల శిక్ష అయిన పని ఆమెకు తరతరాల బతుకెట్లా అయింది? మన కుర్రాళ్ళు కొందరు అంటున్నారు, దొర కొడుకు దొరికితే మన పేట ఊడిపించాలి, అప్పుడు తెలుస్తుంది అని. ఆ కసి మాకూ అర్థమవుతుంది. కానీ పేట ఊడవడం అవమానం అని ఒప్పుకున్నట్టే కదా? మన పేట ఎవరికీ ప్రాయశ్చిత్తపు గుంట కాదు. అతను వచ్చి మన పిల్లలకు లెక్కలు చెప్పనీ. ముసలోళ్ళ పింఛను అర్జీలు రాయనీ. మన ఇంట్లో మంచినీళ్ళు తాగనీ. చదువుకున్నోడి అప్పు అట్లా తీరాలి.

2022 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధిక్కార కేసులో 8 మంది ఐ.ఎ.ఎస్. అధికారులకు రెండు వారాల జైలు వేసింది. బడుల ఆవరణలో సచివాలయాలు పెట్టొద్దన్నా వినలేదన్నది కేసు. వాళ్ళు క్షమాపణ చెప్పాక జైలు బదులు ఏడాదిపాటు నెలకొక రోజు సంక్షేమ హాస్టళ్ళలో సేవ చేయమని, ఒక రోజు పిల్లల భోజనం ఖర్చు పెట్టుకోమని ఆజ్ఞ వేసింది. ఆ హాస్టళ్ళలో ఉండేది మన పిల్లలు. అధికారి ఆ పళ్ళెంలోనే తిని, ఆ పప్పు నీళ్ళ రుచి తెలుసుకుంటే మంచిదే. అట్లాగని పిల్లలున్న చోటికి ఎవరిని పడితే వాళ్ళను పంపనివ్వకూడదు. ఎవరు వస్తున్నారో, ఏ కేసులో వస్తున్నారో వార్డెను, తల్లిదండ్రుల కమిటీ ముందే తెలుసుకోవాలి.

మనం చేయాల్సింది

ఒకటి. ప్రతి మండలంలో చోట్ల పట్టిక రాయండి. శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, అట్టలు వేయడం. పెద్దాసుపత్రిలో ఓ.పి. చీటీలు రాయించి ముసలోళ్ళను డాక్టరు దాకా నడిపించడం. బడి ఆవరణలో మొక్కలు నాటి కంచె కట్టడం. వృద్ధాశ్రమం, పశువుల ఆసుపత్రి, పంచాయతీ నర్సరీ. తాపీ తెలిసినోడికి తాపీ పని, కరెంటు తెలిసినోడికి కరెంటు పని. ఒప్పుకున్న పెద్ద దగ్గర ఒప్పుకోలు కాగితం తీసుకుని వకీలు చేత కోర్టులో పెట్టించండి. సిద్ధంగా చోటు చూపిస్తే మేజిస్ట్రేటుకీ పని తేలిక.

రెండు. ఉత్తర్వులో గంటలు, చోటు, పని, చూసే అధికారి, గడువు అయిదూ రాసి ఉండాలని అడగండి. కూలి పోకుండా ఆదివారాలు వేయమనండి. 40 గంటలు పడితే ఆదివారానికి నాలుగు గంటల చొప్పున పది ఆదివారాలు. ఆడవాళ్ళకు దూరపు ఊళ్ళు, రాత్రి వేళలు వద్దనండి.

మూడు. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, వచ్చిన టైము, పోయిన టైము, చేసిన పని, సంతకం, ముద్ర. ఏ రోజుకారోజు వేయించండి. చివర పూర్తయిందన్న కాగితం తీసుకుని నకలు దాచండి. గంటలు చేసి కాగితం లేకపోతే చేయనట్టే లెక్క.

నాలుగు. పని చోట గాజు గుచ్చుకున్నా, పాము కరిచినా ఎవరు చూస్తారో మొదటి రోజే అడగండి. చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఇవ్వమనండి. కోర్టు పంపిన మనిషి కదా అని ఆఫీసరు ఇంటి పనికి వాడుకుంటే ఒప్పుకోవద్దు. అది సమాజ సేవ కాదు, వెట్టి.

అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ మీద బిల్లు పెట్టాడు. ఊరి సేవ పేరుతో, వారసత్వం పేరుతో ఒక జాతి మొత్తాన్ని సర్కారు కొలువుకి, ఊరి కొలువుకి కట్టేయడాన్ని ఆయన ఎదిరించాడు. ఆ దారి మనకుంది. నేరం చేసినోడు శిక్ష అనుభవించాలి, అందులో మనకి రెండో మాట లేదు. కానీ ఆ శిక్ష అతను చేసిన పనికి పడాలి, అతను పుట్టిన పేటకి కాదు. ఈ నెలలోనే మీ మండలంలో అయిదు చోట్లయినా మాట్లాడి, పట్టిక రాసి తీసుకురండి. వచ్చే తరగతిలో వాటిని కలిపి జిల్లా పట్టిక చేద్దాం, న్యాయ సేవల సంస్థకి మనమే అందజేద్దాం.

జై భీమ్!