‘పెర్సెపోలిస్’: భయంలోంచి పుట్టిన నవ్వు

ఇరాన్‌లో తన బాల్యాన్ని మర్జాన్ సత్రాపీ బొమ్మల పుస్తకంగా గీశారు. 2007లో విన్సెంట్ పారొనోతో కలిసి ఆమే దాన్ని యానిమేషన్ సినిమాగా తీశారు. పేరు ‘పెర్సెపోలిస్’.

కథలో విప్లవం ఉంది, యుద్ధం ఉంది. నవ్వు కూడా ఉంది! వీధిలో మగవాళ్లు గుసగుసగా నిషేధించిన పాటల క్యాసెట్లు అమ్ముతుంటారు. చిన్నారి మర్జాన్, అంటే మర్జీ, వాళ్ల దగ్గర కొంటుంది. మనకు నవ్వొస్తుంది. కానీ పట్టుబడితే? ఆ భయంలోంచే నవ్వు పుట్టింది, పైనుంచి అతికించింది కాదు.

ఇక మర్జీ తండ్రి సోదరుడు అనూష్. మరణశిక్షకు ముందు జైల్లో మర్జీకి రొట్టెతో చేసిన హంసను ఇస్తాడు. అక్కడ ఒక్క హాస్యపు మాట లేదు. ఎక్కడ ఆగాలో దర్శకులకు తెలుసు!

తర్వాత దిగులుతో కుంగిన మర్జీ లేచి, ‘ఐ ఆఫ్ ది టైగర్’ పాటను శ్రుతి తప్పి పాడుతుంది. చక్కగా పాడి ఉంటే ఆ కోలుకోవడాన్ని ఇంతగా నమ్మలేం.