ఇంట్లో చెప్పుకోని ప్రయాణాలు
(కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఈ వేళ మాట్లాడమన్న విషయం పైకి చాలా తేలికైనది. బాల్యపు జ్ఞాపకాలను, చేసిన ప్రయాణాలను ఇంట్లో పిల్లలతో పంచుకోవడం. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకారవేతనాల గురించి చర్చించుకునే చోట ఈ ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. జాతీయ జనాభా రిజిస్టరులో తల్లిదండ్రులు పుట్టిన ఊరు, పుట్టిన తేదీ అడుగుతారన్న వార్త 2019-20లో వచ్చినప్పుడు మన ఇళ్లలో ఏం జరిగిందో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. కాగితాల కోసం ట్రంకు పెట్టెలు తెరిచారు. కాగితం దొరకని చోట తల్లిని అడిగారు: ‘అమ్మీ, నువ్వు ఏ ఊళ్లో పుట్టావు?’ ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద బతికిన బిడ్డలు ఆ ప్రశ్నను మొదటిసారి అడిగింది ఒక ప్రభుత్వ పత్రానికి భయపడి. ఆ పత్రం సంగతి అటుంచి, ఆ ఆలస్యమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మన ఇళ్లలో పెద్దలు ఏమీ చెప్పరని కాదు. ఏరి చెబుతారు. తీపి మాటలు పిల్లలకు, చేదు మాటలు కడుపులోకి.

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి దుబాయికి, హైదరాబాద్ పాతబస్తీ నుంచి జిద్దాకు వెళ్లినవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఆ ప్రయాణాల గురించి పిల్లలకు తెలిసినదెంత? అత్తరు సీసా, మెత్తని కంబళి, టేప్‌రికార్డర్. ఉత్తరం రాయలేనివారు ఆ రోజుల్లో క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. మళ్లీ దాని మీదనే జవాబు నింపేవారు: చిన్నపిల్ల అప్పజెప్పిన పాఠం, దాదీ దగ్గు, వెనుక పెరట్లో కోళ్ల అరుపు. ఆ క్యాసెట్లు మిగిలి ఉన్న ఇళ్లవారు వాటిని పారవేయవద్దని మనవి. అయితే వాటిలోనూ తండ్రి గొంతు చెప్పేది ఒక్కటే, ‘ఇక్కడ అంతా ఖైరియత్.’ ఎండలో పని, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు, నెలల తరబడి అందని జీతం అందులో ఉండవు. తిరిగి వచ్చిన తరువాత కూడా ఆయన నోరు విప్పడు. బిడ్డల ముందు చిన్నబోతానని భయం.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేది కొడుకు. ఏజెంటు మాట నమ్మి, విజిట్ వీసా మీద పనికి బయలుదేరతాడు. పదో తరగతి పూర్తి చేయనివారి పాస్‌పోర్టుకు గల్ఫ్ పనికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ అనుమతి ఎందుకు కావాలో, అర్థంకాని భాషలో ఉన్న ఒప్పందం మీద సంతకం చేస్తే ఏమవుతుందో ఏ అవగాహన సదస్సు కన్నా బాగా చెప్పగలిగినవాడు ఆ ఇంట్లోనే, పక్క మంచం మీదనే ఉన్నాడు. గోదావరి, కడప జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లివచ్చిన తల్లుల విషయం ఇంకా బరువైనది. వారిని పిల్లలు అడగనే అడగరు, అడిగినా వారు మాట మార్చేస్తారు.

హజ్ ప్రయాణం మాత్రం అన్ని ఇళ్లలోనూ గర్వంగా చెప్పుకుంటారు. అందులోనూ వివరాలు జారిపోతున్నాయి. 1995 వరకు మన పెద్దలు బొంబాయి నుంచి ఓడలో జిద్దాకు వెళ్లేవారు. కడప వారు గుంతకల్లు మీదుగా రైలులో బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో బస చేసి, అక్బరీ వంటి ఓడలు ఎక్కి, వారం పైగా సముద్రం మీద గడిపి, యలమ్‌లమ్ దగ్గర పడుతుండగా ఇహ్రామ్ ధరించేవారు. సముద్రమే చూడని రైతుకు అది ఎటువంటి ప్రయాణమో ఊహించండి. ‘దాదా హజ్ చేశారు’ అన్న ఒక్క వాక్యమే మనుమడికి మిగిలింది.

ఇక కందూరు బండ్ల గురించి చెప్పాలి. ఇక్కడ కూర్చున్న పెద్దమ్మల్లో చాలామందికి పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చిన ప్రయాణం కాక చిన్ననాటి దూర ప్రయాణం ఇదొక్కటే. నెల్లూరు వైపు వారికి కసుమూరు, నల్లగొండ వైపు వారికి జాన్‌పహాడ్, కడప వారికి పెద్దదర్గా. ఎడ్లబండిలో గడ్డి పరచి, వెనుక మేకను కట్టి, బియ్యం, పప్పు, మసాలా మూటలతో వెన్నెల్లో బయలుదేరేవారు. దారిలో హిందువుల బండ్లూ కలిసేవి. వంటకు మూడు రాళ్లు పక్కపక్కనే పెట్టుకునేవారు. గుంటూరు, నల్లగొండ పల్లెల్లో హిందువుల ఇళ్లలో మస్తానమ్మ, సైదులు అన్న పేర్లు ఎలా వచ్చాయో ఆ బండిలో పిల్లగా పడుకుని వెళ్లిన దాదీకి తెలుసు. తరగతిలో తోటి పిల్లవాడు ‘మీరు ఇక్కడివారు కాదు’ అన్నప్పుడు మన బిడ్డకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

దర్గాలకు వెళ్లడం సమంజసమా కాదా అన్న చర్చ మన మధ్య ఉంది. దాన్ని ఇక్కడికి తేము. కానీ ఆ చర్చ పేరుతో చదువుకున్న మనుమలు దాదీ మాటను మధ్యలోనే ఆపడం మేము అనేక ఇళ్లలో చూశాం. ఆమె పండుగలు, ఆమె పాటలు, పీర్ల చావిడి దగ్గర ఆమె ఆడుకున్న ఆటలు అన్నీ ‘తప్పు’ అన్న ఒక్క మాటతో మూతబడతాయి. ఆమె చిన్నతనం జరిగింది. దాన్ని వినడం ఆచరించడం కాదు. కావలి వీధుల్లోని బాల్యాన్ని, ఇంటి మాటనూ ఇంటి వంటనూ దాచకుండా ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’గా రాసినప్పుడు తెలుగు పాఠకులందరూ చదివారు. మన ఇళ్లలోని దాదీలకు, జేజిలకు ఇంట్లోనే శ్రోతలు లేరు.

అన్నింటికన్నా కష్టమైనది 1948. ఆ సెప్టెంబరులో ఎనిమిదేళ్లున్న పిల్లలు నేడు ఎనభై దాటినవారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా హైదరాబాదు సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల చేతికి రాలేదు. మన పెద్దలు కూడా, బిడ్డల మనసులో విషం చేరకూడదని, నోరు మూసుకున్నారు. వారి ఉద్దేశం గొప్పది. కానీ ఆ ఖాళీని ఇప్పుడు ఎవరెవరో సినిమాలతో, ఉపన్యాసాలతో నింపుతున్నారు. చెప్పేటప్పుడు అంతా చెప్పాలి. రజాకార్ల దౌర్జన్యాలు దాచి చెబితే అది సగం మాటే. గాదెలో దాచి కాపాడిన పొరుగు హిందూ కుటుంబం ఉంటే ఆ ఊరి పేరు కూడా చెప్పాలి. నిద్రపోయే ముందు చెప్పే మాట కాదిది. ఎదిగిన బిడ్డలకు, పగటిపూట, తొందర లేకుండా చెప్పాలి.

ఆచరణ గురించి రెండు మాటలు. ప్రతి ఇంట్లో ఫోను ఉంది, అందులో గొంతు నింపే సదుపాయం ఉంది. పెద్దలను ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో మాట్లాడనివ్వండి, ఉర్దూ అయినా, రెండూ కలిసిన మన ఇంటి తెలుగు అయినా. దూది ఏకడమో, గాజుల మలారమో, బీడీలు చుట్టడమో, ఏ పని చేసుకుంటూ పెరిగారో ఆ పనిముట్ల పేర్లు అడగండి. పెట్టె అడుగున పాత హజ్ కాగితాలు ఉంటే వాటిని ముందు పెట్టి అడగండి. 1959లో హజ్ యాత్రికుల కోసం రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా ముద్రించిన నోటు కూడా ఎక్కడైనా కనబడవచ్చు. వస్తువు చూడగానే మాట దానంతట అదే వస్తుంది.

‘ఏ సంవత్సరం?’ అని మాత్రం అడగకండి. తెలియదంటారు, సంభాషణ అక్కడే ఆగుతుంది. కృష్ణా జిల్లా తల్లిని అడిగేటప్పుడు ‘ఉప్పెన వచ్చినప్పుడు నీకు పెళ్లయిందా, ఒళ్లో బిడ్డ ఉందా?’ అని అడగండి. వెంటనే చెబుతుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిగిలిన తేదీలు అక్కడి నుంచి లెక్కకు వస్తాయి.